కొలువు కాయకమగుట యెప్పుడు?

పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు శరణులు లోకమునకు ప్రసాదించిన భావములలో కాయకము మిక్కిలి విలువైనది. చేతిపనిని హీనముగా చూచుచుండిన కాలమున, ఆ పనియే కైలాసమునకు సాటి యని వారు నిర్భయముగా ప్రకటించిరి. ఎనిమిది వందల ఏండ్లు గడచినను ఆ మాట వీరశైవ కుటుంబములలో నేటికిని వినబడుచునే యున్నది. మఠపు గోడమీద అది వ్రాయబడి యుండును. ఇంటి పిల్లవాడు తొలి ఉద్యోగమునకు బయలుదేరునాడు తాతగారి దీవెనలో అది పలుకును.

ఆ దీవెనను తలదాల్చి మహానగరమునకు పోయిన యువకుని విషయమున ఆ మాటకు అర్థమేమి? నెలజీతమునకు చేయు కొలువు కాయకమగునా? అయినచో ఎప్పుడగును, ఎప్పుడు కాదు? ఇది పండితగోష్ఠికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. పిల్లల ఆరోగ్యమును, తల్లిదండ్రుల మనశ్శాంతిని, కుటుంబముల ధర్మమును తాకుచున్న ప్రశ్న ఇది.

నగరమున నిత్య జీవనము

జహీరాబాదు, నారాయణఖేడు, తాండూరు, ఆదోని, బీదరు, బసవకల్యాణము వంటి ప్రాంతముల నుండి చదువుకొన్న యువతీ యువకులు జీవనోపాధికై హైదరాబాదునకు వచ్చుట క్రొత్త కాదు. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిదప ఆ రాక మరింత పెరిగినది. అమీరుపేటలోనో కూకట్‌పల్లిలోనో ముగ్గురు నలుగురు కలసి యుండు హాస్టలు గది. ఉదయము స్నానాల గది ముందు వరుస. మెట్రో రైలులో నిలుచుండి ప్రయాణము. పగలంతయు కంప్యూటరు తెర. అమెరికావారి వేళకు రాత్రి మీటింగు. ఇది వారి దినచర్య.

ఈ దినచర్యలో ఎగుడు దిగుడులు పెద్దవి కావు, కాని ఎడతెగనివి. ఉదయము మేనేజరు పదిమందిలో మెచ్చుకొనును; సాయంకాలమునకు అదే పనిలో ఒక దోషము బయటపడి అదే నోట కఠినమైన మాట వచ్చును. ఏడాదికొకమారు జరుగు అప్రైజల్‌లో తోటివానికి ఎక్కువ హైక్ వచ్చినదని తెలిసిన నాడు అన్నము సహించదు. ప్రాజెక్టు ముగిసి ‘బెంచి’ మీద కూర్చుండినవాడు పనిలేకయే అలసిపోవును. ఒకటవ తేదీన జీతము పడినట్లు ఫోనులో సందేశము వచ్చును. పదవ తేదీకి అద్దె, వాయిదాలు, ఇంటికి పంపిన సొమ్ము పోగా మిగిలినది వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. శుక్రవారపు ప్రశంస ఆదివారము వరకైనను నిలువదు. సోమవారపు నింద మాత్రము నెలంతయు వెంటాడును.

ఆడపిల్లలకు ఈ భారము రెట్టింపు. కొలువులో మగవారితో సమానముగా శ్రమించి ఇల్లు చేరిన పిదప వంటయిల్లు ఎదురుచూచుచుండును. పెండ్లి కానిచో ఊరినుండి వచ్చు ప్రతి ఫోనులోను అదియే ప్రస్తావన. పెండ్లియైనచో ఉద్యోగము మానుట యెప్పుడను ప్రశ్న.

ఈ సందడిలో మొదట జారిపోవునది లింగార్చన. ఊరిలో నున్నప్పుడు స్నానము ముగియగనే కరస్థలమున ఇష్టలింగము నుంచుకొని కూర్చుండినవాడే, నగరమునకు వచ్చిన కొన్ని నెలలకు లింగకాయను బట్టల పెట్టె అడుగున భద్రపరచును. అది నాస్తికత కాదు, అలసట. అయినను ఒక్కటి గుర్తుంచుకొనవలెను. ఊరిలోని గుడి వెంట రాదు, ఇష్టలింగము వచ్చును. స్థిరమైన ఆలయమునకు బదులుగా దేహముతోడనే కదలు లింగమును బసవాదులు ఇచ్చుటలో గల మేలు ఇట్టి ప్రవాసికే ఎక్కువగా తెలియవలసి యున్నది.

రెండు సులభమైన సమాధానములు

కొలువు కాయకమగునా యను ప్రశ్నకు రెండు సులభమైన సమాధానములు వినబడుచున్నవి. రెండును సగము సత్యములే.

మొదటిది పెద్దలు కొందరి మాట. కుమ్మరి, మేదరి, పడవవాడు తమ చేతులతో తాము స్వతంత్రముగా చేసినది కాయకము. పరులకు లోబడి జీతము తీసికొనునది ఊడిగము గాని కాయకము కాదని వారందురు. కాని ఈ మాట బసవేశ్వరుని జీవితముముందే నిలువదు. ఆయన బిజ్జలుని కొలువున లెక్కలు వ్రాయు కరణికముతో ఆరంభించి భండారియై, పిదప మంత్రియైనట్లు సంప్రదాయము చెప్పుచున్నది. అనగా కాయక ధర్మమును బోధించినవాడే జీతమునకు కొలువు చేసెను. అంతియే కాదు, కొలువులోని చిక్కులను గూడ ఆయన అనుభవించెను. రాజు ధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని కిట్టనివారు బిజ్జలునితో చెప్పుటయు, లెక్క చూడగా భండారమున లోటు లేకుండుటయు పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కనబడును. తోటి ఉద్యోగుల అసూయ, పైవారి అనుమానము నేటి కార్యాలయములలో పుట్టినవి కావు. కావున జీతము తీసికొనుట కాయకమునకు అడ్డు కాదు.

రెండవ సమాధానము మరింత ఆకర్షణీయమైనది, మరింత అపాయకరమైనది. పనియే పూజ గనుక ఎంత యెక్కువ పనిచేసిన అంత పుణ్యమని ఇది చెప్పును. 2023లో ఒక ప్రముఖ పారిశ్రామికుడు దేశాభ్యుదయమునకై యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని చెప్పగా దేశమంతట చర్చ జరిగినది. రోజునకు 8 గంటలు, వారమునకు 48 గంటలను పరిమితిని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో తన మొట్టమొదటి ఒప్పందముననే పరిశ్రమలకు నిర్దేశించినది. ఆ సంస్థయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు కలసి 2021లో వెల్లడించిన అంచనా ప్రకారము, వారమునకు 55 గంటలు, అంతకు పైబడి పనిచేయుట వలన కలిగిన పక్షవాతము, గుండెజబ్బులతో 2016 ఒక్క సంవత్సరముననే ప్రపంచమున 7,45,000 మంది మరణించిరి.

ఈ సంఖ్యను శరణధర్మముతో పోల్చి చూడవలెను. శరణులు దేహమును దేవాలయముగా భావించిరి. కాయకమను పదమే కాయము నుండి పుట్టినది. కాయమును కూల్చు పని కాయకమెట్లగును? ఆలయమును పడగొట్టుచు పూజ చేయుచున్నానను వానిని ఎవరు నమ్ముదురు? పైగా శరణుడు తన కాయకమును తానై స్వీకరించెను. దాని ఫలమును సంఘమునకు తానై అర్పించెను. ఇతరుని లాభము కొరకు, భయముచేత, నిద్ర మానుకొని చేయు పనికి ఆ పవిత్రమైన పేరు పెట్టుట ఆ పేరును అద్దెకిచ్చుట యగును. యజమాని నోట పనియే దైవమను మాట వచ్చినపుడు, ఆ దైవమునకు నైవేద్యమెవరి ఆయువో యువకుడు విచారించుకొనవలెను.

మూడు ఒరగల్లులు

అయినచో కొలువును కాయకముగా మార్చునదేమి? శరణుల జీవితములను పరిశీలించినచో మూడు ఒరగల్లులు కనబడును: శుద్ధి, మితము, దాసోహము.

మొదటిది శుద్ధి. శరణులు కోరినది కేవలము కాయకము కాదు, సత్యశుద్ధ కాయకము. పనిలో నైపుణ్యము, సమయపాలన చాలవు. ఆ పని చివరకు ఎవరికేమి చేయుచున్నదో అదియు చూడవలెను. 2020 డిసెంబరులో ఫోను యాప్‌ల ద్వారా అప్పులిచ్చి వేధించిన ఉదంతములు తెలంగాణలో బయటపడినవి. కొందరు అప్పుదారులు ప్రాణములు తీసికొనగా పోలీసులు హైదరాబాదు తదితర నగరములలోని కాల్ సెంటర్లపై దాడులు చేసిరి. ఆ కేంద్రములలో అప్పుదారులకును, వారి బంధుమిత్రులకును ఫోను చేసి అవమానించిన వారు కరుడుగట్టిన దొంగలు కారు. పెక్కుమంది నెలజీతమునకు చేరిన సామాన్య యువతీ యువకులే. సమయమునకు వచ్చిరి, చెప్పిన పని చెప్పినట్లు చేసిరి. అది కాయకమగునా?

అట్లే జూదపు యాప్‌లు. డబ్బు పందెముల ఆన్‌లైన్ ఆటలను 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించినవి. 2025లో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసినది. చట్టము వచ్చుటకు ముందు కూడ ఆ తెరలను అందముగా తీర్చినవి, ఆడువాడు లేవకుండునట్లు ఎరలు పన్నినవి ఎవరో చదువుకొన్నవారి చేతులే. చట్టము నిషేధించువరకు ఆగవలసిన అగత్యము శరణునికి లేదు. ‘నాకు అప్పగించిన పని నేను చేసితిని’ అను మాట కోర్టులో చెల్లిన చెల్లవచ్చును, కరస్థలమందలి లింగము నెదుట చెల్లదు. మడివాళ మాచయ్య బట్టలనే కాక వాటిని కట్టువాని నడతను గూడ చూచినవాడని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. చేయు పనిమీదనే కాక, ఆ పని ఎవరికి ఉపయోగపడుచున్నదో దానిమీద గూడ చూపుండుట శుద్ధి.

కాని ఇచట యువకుని కష్టమును తేలికగా చూడరాదు. ఇంటి బాధ్యతలు గలవాడు ఒక్కనాటిలో ఉద్యోగము మానలేడు. మానలేనివాడు కనీసము తెలిసి యుండవలెను. మరియొక త్రోవ వెదకుచుండవలెను. అంతవరకు తన చేతిమీదుగా జరుగగల కీడును తగ్గింపవలెను. తప్పును తప్పుగా గుర్తించుటయే శుద్ధికి మొదటి మెట్టు.

రెండవది మితము. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతము వీరశైవుల ఇండ్లలో పిల్లలకు గూడ తెలిసినదే. మారయ్య కాయకము నేలరాలిన బియ్యము ఏరుట. ఒకనాడాయన నిత్యము తెచ్చుదానికంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఆ నాటికి చాలినంత యుంచి తక్కినది ఎచటినుండి తెచ్చితివో అచటనే విడిచి రమ్మనెను. అధికాశ చొచ్చిన యింట దైవమునకు చోటుండదని ఆమె భావము.

నేటి యువకుని ఇంట లక్కమ్మ పాత్రను ఎవరు వహించుచున్నారు? పెక్కు ఇండ్లలో అందుకు వ్యతిరేకమే జరుగుచున్నది. ఇరువదియైదేండ్ల వానిని చూచి బంధువులు మొదట అడుగునది జీతమెంత యని; పిమ్మట సొంత ఫ్లాటు కొన్నావా యని. ఆ ప్రశ్నకు తలవంచుకొనలేక అతడు 50 లక్షల రూపాయలు బ్యాంకునుండి 20 సంవత్సరముల గడువుపై తీసికొనెననుకొనుడు. వడ్డీ నూటికి ఎనిమిదిన్నర చొప్పున నెలకు సుమారు 43,400 రూపాయల వాయిదా పడును. గడువు ముగియునప్పటికి చెల్లించిన మొత్తము కోటి నాలుగు లక్షలు. అసలుకంటె వడ్డీయే యెక్కువ. రూపాయల లెక్క అటుండనిండు. ఆ 240 నెలలలో యజమాని యేమి చెప్పినను కాదనగల స్వేచ్ఛ అతనికి మిగులదు. తప్పుడు లెక్క వ్రాయుమన్నను, మరియొక రాత్రి మేలుకొనుమన్నను వాయిదా తేదీ కండ్లముందు కదలును. ఇల్లు కొనుట పాపము కాదు. తలదాచుకొను నీడ అందరికిని కావలెను. కాని పరుల కంటికొరకు కొన్న ఇల్లు, తన మనస్సును తాకట్టు పెట్టి కొన్నది. మితము లేనిచో శుద్ధి నిలువదు. శుద్ధముగా నుండుటకు ‘కాదు’ అనగల శక్తి కావలెను. ఆ శక్తి అవసరములు తక్కువగా నున్నవానికే కలుగును.

మూడవది దాసోహము. కాయకమును దాసోహమును శరణులు విడదీయలేదు. సంపాదన ఎంత శుద్ధమైనను తనయొద్దనే నిలిచినచో అది అసంపూర్ణ కాయకము. అయితే దాసోహమనగా పండుగనాడు మఠమునకు చందా పంపుట మాత్రమే కాదు. తన విద్యను, తన కాలమును, తన సొమ్ములో ఒక భాగమును ‘ఇది నాది కాదు’ అను భావముతో సంఘమునకు తిరిగి యిచ్చుట దాసోహము. దానమిచ్చువాడు తానిచ్చితినని తలంచును. దాసోహము చేయువాడు తనకు రానిది తనయొద్ద నిలిచియుండగా అప్పగించితినని తలంచును.

ఇందుకు ఆధునిక కాలమున ఉదాహరణములు లేకపోలేదు. 1880లో ధారవాడలో జన్మించిన ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి బొంబాయి మహానగరమున న్యాయశాస్త్రము చదివిన యువకుడు. పట్టా పుచ్చుకొని నాటి బీజాపురమున వకీలుగా స్థిరపడెను. వకీలు వృత్తిలో కూడబెట్టి సుఖముగా జీవించుటకు ఆయనకు అడ్డు లేదు. కాని ఆయన ఇంటింటికి తిరిగి, చెదలు పట్టుచుండిన తాళపత్రములను సేకరించి, శరణుల వచనములను చదివి పరిష్కరించెను. 1910లో బీజాపురమున విద్యాసంస్థ స్థాపనకు పూనుకొనెను. 1923లో ‘వచనశాస్త్రసారము’ను ప్రకటించెను, 1926లో ‘శివానుభవ’ పత్రికను ఆరంభించెను. ముద్రణాలయము కొరకు సొంత ఇల్లు అమ్మివేసెను. నేడు శరణుల వాణి లోకమునకు అందుచున్నదన్నచో దానికి ఒక ఉద్యోగస్థుని దాసోహము ఒక ముఖ్య కారణము. అట్లే 1916లో బెళగావిలో ఏడుగురు ఉపాధ్యాయులు పూనుకొని కర్ణాటక లింగాయత విద్యాసంస్థను స్థాపించిరి. వీరు సన్న్యాసులు కారు, మధ్యతరగతి ఉద్యోగస్థులు.

నేటి యువకుడు అంత చేయలేకపోవచ్చును. వారమునకు రెండు గంటలు ఊరి పిల్లలకు ఫోనుమీద గణితము చెప్పగలడు. క్రొత్తగా నగరమునకు వచ్చినవానికి గది చూపగలడు, దరఖాస్తు వ్రాసి యివ్వగలడు. కొలత ముఖ్యము కాదు. ఏరిన బియ్యపు గింజలతోనే మారయ్య దాసోహము జరిగెను.

ప్రశంస, నింద, ఉద్యోగనష్టము

ఈ మూడు ఒరగల్లులపై నిలిచిన కొలువునందు నిత్యపు ఎగుడు దిగుడులు ఏమగును? అవి మాయము కావు. మేనేజరు మాట కఠినముగానే యుండును. హైక్ తక్కువగానే రావచ్చును. కాని వాటి బరువు మారును. కాయకములలో ఎక్కువ తక్కువలు లేవని శరణులు చెప్పిరి. అంబిగర చౌడయ్య పడవయు, నులియ చందయ్య పేనిన త్రాడును, మేదర కేతయ్య బుట్టయు, బసవేశ్వరుని మంత్రిపదవియు అనుభవ మంటపమున ఒక్క వరుసలోనే నిలిచినవి. అట్టివారి వారసునికి హోదా పేరులో ఒక పదము చేరినంత మాత్రమున గొప్పతనము రాదు. చేరకపోయినంత మాత్రమున పోదు. అతడు తన పనిని తానే ప్రతి సాయంకాలము తూచుకొనును: నేడు నిజాయితీగా చేసితినా? ఎవరికైనను కీడు చేసితినా? ఎవరికైనను ఉపయోగపడితినా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము మేనేజరు చేతిలో లేదు.

మరి ఉద్యోగమే పోయినచో? ఇది నేడు ఊహ కాదు. 2020 నాటి కరోనా కాలమున ఎందరో పనులు కోల్పోయిరి. 2022, 2023 సంవత్సరములలో ప్రపంచమందలి సాంకేతిక సంస్థలు లక్షల సంఖ్యలో ఉద్యోగులను తొలగించినవి. ఒక ఉదయము కంప్యూటరు తెరవబోగా తెరచుకొనదు; అంతటితో కొలువు ముగియును. కొలువే కైలాసమని నమ్మినవానికి ఆ దినము కైలాసమునుండి పతనము. అతడు ఇంటికి చెప్పడు. ప్రతి దినము మామూలు వేళకు బయలుదేరి ఏ పార్కులోనో కూర్చుండి సాయంకాలమునకు తిరిగి వచ్చును. తల్లి ఫోను చేసినపుడు ‘పనిలో నున్నాను’ అనును.

ఇచటనే శరణమార్గము చెప్పు భేదము ప్రాణములను కాపాడగలది. కైలాసమనబడినది కాయకము, పదవి కాదు. కల్యాణమున శరణుల మధ్య జరిగిన వర్ణాంతర వివాహము కారణముగా కల్లోలము రేగినపుడు బసవేశ్వరుడు మంత్రిపదవిని విడిచి కూడలసంగమమునకు పోయెను. లోకపు లెక్కలో ఆ దినమున ఆయన కొలువు లేనివాడు. కాని ఆయన భక్తుడు కాకుండ పోయెనని గాని, ఆయన కాయకము తెగినదని గాని ఎవరును చెప్పలేదు. పదవి రాజు ఇచ్చినది, పోవచ్చును. కాయకము తన నడతలో నున్నది, పోదు. క్రొత్త విద్య నేర్చుకొనుట, చిన్న పనియైనను చేయుట, ఆ దినములలో తోటివానికి సాయపడుట, ఇవన్నియు కాయకములే. నేలరాలిన బియ్యము ఏరుట కంటె చిన్న పని యుండునా?

పెద్దల ధర్మము, మఠముల ధర్మము

ఈ భారమంతయు యువకుని భుజములపైననే మోపుట న్యాయము కాదు. ఉద్యోగము పోయిన సంగతి చెప్పుటకు కుమారుడు భయపడుచున్నాడన్నచో, ఆ భయమును పెంచినవారెవరో పెద్దలు ఆలోచింపవలెను. జీతమును బట్టి అల్లుని ఎంచుకొను ఇంట, జీతము పోయిన దినమున అల్లుడు దోషివలె నిలుచును. ‘జీతమెంత?’ అను ప్రశ్నకు ముందు ‘వేళకు భుజించుచున్నావా? నిద్రించుచున్నావా? మనస్సు నెమ్మదిగా నున్నదా?’ అని అడుగు తల్లిదండ్రులు బిడ్డకు నిజము చెప్పు ధైర్యము నిత్తురు. కోడలి ఉద్యోగపు జీతమును స్వీకరించు కుటుంబము ఆమె వంటయింటి కాయకమును గూడ పంచుకొనవలెను. లేనిచో అక్కమహాదేవిని, లక్కమ్మను పొగడు అర్హత ఆ కుటుంబమునకు లేదు.

మఠములకు గూడ ఇందు పాత్ర గలదు. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వామివారు (1907–2019) వేలాది విద్యార్థులకు జాతిమత భేదము లేక అన్నము, ఆశ్రయము, అక్షరము ఇచ్చిన త్రివిధ దాసోహము లోకప్రసిద్ధము. పల్లె విద్యార్థికి హాస్టలు ఎట్టి ఆధారమో, నగరపు యువోద్యోగికి ఒక సత్సంగము అట్టి ఆధారము. అనుభవ మంటపము పేరులోనే అనుభవమున్నది. అచట శరణులు ఉపన్యాసము వినుటకు మాత్రమే చేరలేదు, తమ దినముల అనుభవములను ఒకరితో నొకరు చెప్పుకొనుటకు చేరిరి. కూకట్‌పల్లిలోనో మియాపురములోనో ఒక గదిలో నెలకు రెండు ఆదివారములు పదిమంది యువతీ యువకులు కూర్చుండి, లింగపూజ చేసి, ఒకపూట కలసి భుజించి, ‘ఈ వారము నాకిట్లు జరిగినది’ అని దాపరికము లేక చెప్పుకొన్నచో అదియే అనుభవ మంటపము. పని కోల్పోయినవాడు పార్కు బల్ల మీద ఒంటరిగా కూర్చుండవలసిన అగత్యము అపుడుండదు.

కొలువు తనంతట తాను కాయకము కాదు, కాకుండ పోదు. శుద్ధి దానికి ప్రాణము, మితము దానికి కవచము, దాసోహము దానికి ఫలము. ఈ మూడును గల యువకుడు గాజుమేడలోని పదవ అంతస్తున కూర్చుండినను కల్యాణపు వీధిలో త్రాడు పేనుచుండిన నులియ చందయ్యకు తోడివాడే. ఈ మూడును లేనివాడు ఎంతటి జీతము తీసికొనుచున్నను చేయునది బరువు మోయుట మాత్రమే. ఉదయము తలుపు వేసికొని బయలుదేరుటకు ముందు ఐదు నిమిషములు కరస్థలమున లింగమును నిలుపుకొని ఈ భేదమును తలచుకొన్నచో, ఆ దినమున రానున్న పొగడ్తయు తెగడ్తయు అతనిని కదిలింపవచ్చును గాని పడద్రోయజాలవు.